ఇంటి గదిలో స్టూడియో – 5వ పాఠం: బూమ్ ఆర్మ్, దాన్ని మోసే స్టాండ్

పోయిన పాఠం చివర్లో ఒక చిన్న పని ఇచ్చాను. మీ ఫొటో లైటుని, దానికి తగిలించే సాఫ్ట్‌బాక్సుని (వెలుగుని మెత్తబరిచే గుడ్డ పెట్టెని) కలిపి తూచి, ఆ బరువు రాసి పెట్టుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు పక్కన పెట్టుకోండి, ఈ పాఠమంతా ఆ అంకె మీదే నడుస్తుంది. తూచడం కుదరనివాళ్ళకి సులువైన దారి ఉంది. ఇంట్లో ఒంటి బరువు చూసుకునే మిషన్ ఉంటే ముందు ఉత్తచేతులతో ఎక్కండి, తర్వాత లైటు పట్టుకుని ఎక్కండి. తేడా ఎంత వస్తే లైటు బరువు అంత.

బూమ్ ఎందుకు అన్నది రెండు మాటల్లో చెప్పేస్తాను. మామూలు స్టాండ్ మీద లైటు ఎప్పుడూ ఆ స్టాండ్ ఉన్నచోటే ఉంటుంది. మనిషి తలకి సరిగ్గా పైన, జుట్టు మీద వెలుగు పడాలంటే స్టాండ్ ఆ మనిషి నెత్తిన నిలబడాలి. టేబుల్ మీద నగలో, కేకో పెట్టి పైనుంచి వెలుగు దింపాలన్నా ఇదే చిక్కు. స్టాండ్ ఫ్రేములోకి రాకుండా లైటు మాత్రమే గాల్లోకి చాచేదే బూమ్ ఆర్మ్.

చాలామంది షాపుకి వెళ్ళగానే అడిగే మొదటి ప్రశ్న "ఆర్మ్ ఎంత పొడుగు?" అని. నేను మాత్రం ముందు కింద పాదాలు చూడమంటాను. మీ దగ్గర డబ్బు కొద్దిగానే ఉంటే స్టాండ్ మీద పెట్టండి, ఆర్మ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

ఏతం లెక్క

పూర్వం బావుల దగ్గర ఏతం ఉండేది. నిలువు గుంజ మీద పొడుగాటి దూలం, ఒక కొసన నీళ్ళ బాన. దూలం మీద మనిషి ముందుకూ వెనక్కూ నడుస్తుంటే బాన దిగేది, లేచేది. ఆ మనిషి బరువు మారలేదు. గుంజ నుంచి అతను ఎంత దూరంలో ఉన్నాడన్నదే మారింది. బూమ్ ఆర్మ్ అచ్చంగా ఏతమే. గుంజ స్థానంలో స్టాండ్, బాన స్థానంలో లైటు, నడిచే మనిషి స్థానంలో తోకకి, అంటే ఆర్మ్ వెనక కొసకి, కట్టే ఎదురు బరువు.

బడిలో భ్రామకం అని చదువుకున్నది ఇదే: బరువుని దూరంతో గుణించడం. ఇటు వచ్చిన అంకె, అటు వచ్చిన అంకె సమానమైతే తక్కెడ నిలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆర్మ్ పొడుగు 2 మీటర్లు, దాని బరువు 2 కేజీలు. లైటు, సాఫ్ట్‌బాక్సు కలిపి 4 కేజీలు. ఆర్మ్‌ని తోక నుంచి 50 సెంటీమీటర్ల దగ్గర స్టాండ్‌కి బిగించాం. అంటే లైటు స్టాండ్ నుంచి 150 సెంటీమీటర్ల దూరంలో ఉంది. లైటు వైపు 4 × 150 = 600. ఆర్మ్ బరువు కూడా లెక్కలోకి వస్తుంది. దాని నడిమధ్య బిందువు స్టాండ్‌కి 50 సెంటీమీటర్లు ముందు ఉంది కాబట్టి 2 × 50 = 100. మొత్తం 700. తోక 50 సెంటీమీటర్ల దూరంలో ఉంది కాబట్టి, 700ని 50తో భాగిస్తే 14. అంటే తోకకి 14 కేజీల ఇసుక కట్టాలి.

ఇప్పుడు స్టాండ్ మీద ఎంత పడింది? లైటు 4, ఆర్మ్ 2, ఇసుక 14. మొత్తం 20 కేజీలు! "నా లైటు 4 కేజీలే కదా, 10 కేజీలు మోసే స్టాండ్ చాలదా" అనుకున్నవాళ్ళ స్టాండ్ మీద 20 కేజీలు కూర్చున్నాయి.

ఇంకో రకంగా చేద్దాం. సామాను అదే. బిగింపుని మాత్రం తోక నుంచి 80 సెంటీమీటర్ల దగ్గరికి జరిపాం. లైటు దూరం 120కి తగ్గింది. 4 × 120 = 480. ఆర్మ్ మధ్య బిందువు ఇప్పుడు 20 సెంటీమీటర్లే ముందుంది, 2 × 20 = 40. మొత్తం 520. 80తో భాగిస్తే 6.5. ఇప్పుడు 6.5 కేజీల ఇసుక చాలు. స్టాండ్ మీద పడేది 12.5 కేజీలు. చాచే దూరం 30 సెంటీమీటర్లు తగ్గించుకుంటే, కట్టాల్సిన బరువు సగానికన్నా తక్కువైంది.

అందుకే బూమ్ కొనేటప్పుడు "పూర్తిగా లాగితే ఎంత" అని కాకుండా, "నాకు నిజంగా ఎంత కావాలి" అని కొలుచుకోండి. కుర్చీలో కూర్చున్న మనిషి తలమీదికి లైటు రావడానికి స్టాండ్ నుంచి మీటరు, మీటరుంపావు దూరం సాధారణంగా సరిపోతుంది.

పాదాల లెక్క

తక్కెడ సరిగ్గా తూగితే బరువంతా స్టాండ్ నడిమీదే పడుతుంది. కానీ చిన్న ఆర్మ్‌లకి మనం ఎదురు బరువు కట్టం, ముఖ్యంగా సి-స్టాండ్ ఆర్మ్‌కి. సినిమా షూటింగులో లైట్ల దగ్గర చూసే ఉంటారు, మూడు కాళ్ళూ ఒక్కో ఎత్తులో ఉండే ఇనుప స్టాండ్. దాని ఆర్మ్ 40 అంగుళాలు, అంటే రమారమి మీటరు. ఇలాంటప్పుడు పడిపోకుండా కాపాడేవి పాదాలే.

మూడు పాదాల్నీ గీతలతో కలిపితే నేల మీద త్రిభుజం వస్తుంది. మొత్తం సామాను గరిమనాభి (బరువంతా ఒక్కచోటే ఉందనుకుంటే ఆ చోటు) ఆ త్రిభుజం లోపల ఉన్నంతసేపు స్టాండ్ నిలబడుతుంది, గీత దాటితే పడుతుంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. పాదాలు మధ్య గొట్టం నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. ఒక కాలు ఉన్న దిక్కున మీకు 50 సెంటీమీటర్లు భద్రత ఉంది. రెండు కాళ్ళ మధ్య ఖాళీ ఉన్న దిక్కున మాత్రం గీత సగం దూరంలోనే, అంటే 25 సెంటీమీటర్లకే వచ్చేస్తుంది.

స్టాండ్ బరువు 6 కేజీలు, మీటరు దూరాన 2 కేజీల లైటు వేలాడుతోంది అనుకుందాం. ఆర్మ్ బరువు ప్రస్తుతానికి వదిలేద్దాం. గరిమనాభి ఎక్కడుంటుంది? 2 × 100ని మొత్తం 8 కేజీలతో భాగిస్తే 25 సెంటీమీటర్లు. లైటు రెండు కాళ్ళ మధ్య ఖాళీ వైపు ఉంటే సరిగ్గా గీత మీద ఉన్నట్టు. ఫ్యాను గాలి తగిలినా చాలు. అదే లైటుని ఒక కాలికి సరిగ్గా పైన ఉండేలా తిప్పితే ఇంకా 25 సెంటీమీటర్లు మిగిలి ఉంది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, స్టాండ్‌ని కొంచెం తిప్పామంతే.

సి-స్టాండ్‌లో ఆ కాలు అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నదై ఉండాలి. ఎందుకంటే ఇసుక సంచీ ఆ కాలి మీదే వేస్తాం, నేలకి తగలకుండా వేలాడాలి. సంచీ సగం నేల మీద ఆనితే సగం బరువు నేలే మోస్తుంది, స్టాండ్‌కి దక్కదు. గొట్టం దగ్గరగా 8 కేజీల సంచీ వేస్తే పై లెక్కలో గరిమనాభి 25 నుంచి దాదాపు సగానికి, గొట్టం వైపుకి వచ్చేస్తుంది. ఇక ఎవరైనా తట్టుకున్నా కంగారుండదు.

మామూలు స్టాండ్ అయితే కాళ్ళు బాగా విప్పండి, కానీ నడిమి గొట్టం అడుగు నేలకి ఆనకూడదు. ఆనితే బరువు ఆ ఒక్క బిందువు మీదికి పోతుంది, కాళ్ళు అలంకారానికే మిగులుతాయి.

ఏది కొనాలి

మీ కాగితం మీది అంకె కిలోన్నర లోపు అయితే, అంటే చిన్న ఫ్లాష్, వెలుగు పరచడానికి దానికి తగిలించే గొడుగు లాంటివి అయితే, నా ఓటు సి-స్టాండ్‌కే. ఆర్మ్ విప్పేస్తే మామూలు స్టాండ్‌గా, రిఫ్లెక్టర్ పట్టుకోవడానికి, నల్లగుడ్డ కట్టడానికి రోజూ పనికొస్తుంది. మోయడానికి బరువే, కానీ మనకి కావాల్సింది ఆ బరువే.

నడిమి గొట్టమే వంగి బూమ్‌గా మారే స్టాండ్లు కూడా ఉన్నాయి. బయట షూటింగులకి తీసుకెళ్ళడానికి తేలిక. చిన్న ఫ్లాష్‌కి పరవాలేదు, 4 కేజీల లైటుకి మాత్రం వద్దు.

లైటు 3, 4 కేజీలుంటే విడిగా బూమ్ ఆర్మ్, దాన్ని మోసే దళసరి ఇనుప స్టాండ్ కావాలి. చక్రాలుంటే ఇంకా మంచిది, బ్రేకులు పడాలి. ఇంకో దారి కూడా ఉంది. కొన్ని ఫ్లాష్‌లకి తలకాయ భాగాన్ని మాత్రమే వైరుతో పైకి పంపే సదుపాయం ఉంటుంది. అసలు డబ్బా కిందే ఉంటుంది, అదే ఇసుక సంచీ పని కూడా చేస్తుంది. మీ లైటుకి ఆ వీలుంటే పెద్ద బూమ్ కొనే ముందు అది చూడండి.

కొనేటప్పుడు కొస మీది పిన్ను చూడండి. స్టూడియో లైట్లన్నీ దాదాపు 5/8 అంగుళం, అంటే 16 మిల్లీమీటర్ల పిన్ను మీద కూర్చుంటాయి. సినిమా పెద్ద లైట్లది 28 మిల్లీమీటర్లు. కొన్ని చవక స్టాండ్లలో పిన్ను చివర చిన్న మర మాత్రమే ఉంటుంది, సన్నని గొట్టం మీద ప్లాస్టిక్ బిగింపు. దాని మీద బూమ్ పెట్టకండి. "ఎయిర్ కుషన్" అని రాసి ఉంటే అది మంచిదే, కానీ అది చేసే పని వేరు. బిగింపు వదులైనప్పుడు గొట్టం దభీమని దిగకుండా గాలి ఆపుతుంది. స్టాండ్ పక్కకి పడడాన్ని అది ఆపలేదు.

షాపుకి ఒక 2 లీటర్ల నీళ్ళ సీసా తీసుకెళ్ళండి. 2 లీటర్ల నీళ్ళంటే 2 కేజీలు. ఆర్మ్‌ని మీటరు దూరం చాపించి, కొసన సీసా వేలాడదీయమనండి. చేత్తో బిగించిన బిగింపు జారుతుందా, మెడ దగ్గర గొట్టం వంగుతుందా, రెండు నిమిషాలు నిలబడి చూడండి. మంచి సామాను అమ్మేవాళ్ళు దీనికి అడ్డు చెప్పరు.

నాకు జరిగింది

ఒక సీమంతం ఫొటోల కోసం తేలికపాటి బూమ్ స్టాండ్ పట్టుకెళ్ళాను. అమ్మాయి కుర్చీలో కూర్చుని ఉంది. పైన సాఫ్ట్‌బాక్సు. ఎదురు బరువు తక్కువైందని తెలుసు, మరను గట్టిగా బిగిస్తే ఆగుతుందిలే అనుకున్నాను. పావుగంట ఆగింది కూడా. తర్వాత కిర్రుమని సన్నగా ఒక చప్పుడు. ఆర్మ్ గడియారం ముల్లులా మెల్లగా కిందికి దిగడం మొదలైంది. నేను పరుగెత్తి పట్టుకునేలోపు లైటు కుర్చీ చేతిని తాకింది. గుండ్రటి ఫ్లాష్ ట్యూబు పగిలి గాజుముక్కలు తివాచీ మీద పడ్డాయి. ఆ అమ్మాయికి ఏమీ కాలేదు. కానీ ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుని గబుక్కున లేచిన తీరు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. మర బిగించక ముందే ఆర్మ్ తక్కెడలా తూగాలి. బిగింపు పని ఆర్మ్‌ని ఉన్నచోట ఆపడం వరకే, బరువు మోయడం దాని పని కాదు. అలాగే, లైటుకి, ఆర్మ్‌కి కలిపి సన్నని ఉక్కు తీగ ఒకటి కడతాను. పసిపిల్లల ఫొటోలకైతే తలమీద బూమ్ అసలు పెట్టను, కిటికీ వెలుగు వాడతాను.

బిగించే వరుస

ముందు సీలింగ్ ఫ్యాను స్విచ్ ఆపండి, స్విచ్ మీద కాగితం అంటించండి. మన ఇళ్ళలో శ్లాబు 10 అడుగులుంటే ఫ్యాను రెక్కలు అంతకన్నా కిందే తిరుగుతాయి. నిలబడ్డ మనిషి తలమీద రెండడుగుల ఎత్తున లైటు, దానిపైన ఆర్మ్ అంటే సరిగ్గా రెక్కల దారిలోకి వెళ్ళినట్టే. అందుకే చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టే తియ్యండి.

ఆర్మ్‌ని నడుము ఎత్తులో ఉంచి, ఒకరు పట్టుకుని ఉండగా ఇంకొకరు లైటు, తర్వాత ఎదురు బరువు తగిలించాలి. మర కొంచెం వదులు చేసి, చెయ్యి దగ్గరే ఉంచి తూగుతుందో లేదో చూడండి. తూగాకే బిగించి పైకి లేపండి. దించేటప్పుడు లైటు ఇంకా వేలాడుతుండగా ఎదురు బరువు విప్పకండి.

సి-స్టాండ్ అయితే మీరు స్టాండ్ వెనక నిలబడి లైటు వైపు చూస్తున్నప్పుడు, మర మీ కుడిచేతి వైపు ఉండాలి. అప్పుడు లైటు కిందికి లాగేకొద్దీ మర ఇంకా బిగుస్తుంది. ఎడమవైపు ఉంటే అదే బరువు మరను విప్పుతుంది.

కేబుల్‌ని ఆర్మ్ వెంబడి రెండుమూడు చోట్ల కట్టి, లైటు దగ్గర కొంచెం వదులు ఉంచి, స్టాండ్ పక్కనుంచే కిందికి దింపండి. గాల్లో వేలాడే వైరుకి ఎవరి కాలో తగిలితే ఈ లెక్కలన్నీ వృథా.

ఈ వారం పని

లైటు తగిలించొద్దు. నేల మీద పరుపు వేసి, మీ స్టాండ్‌కి ఏదైనా గట్టి కర్ర అడ్డంగా కట్టి, మీ కాగితం మీద రాసుకున్నంత బరువుకి నీళ్ళ సీసాలు కొసన కట్టండి. తోకకి ఎంత కట్టాలో ముందు లెక్క వేసి రాయండి, తర్వాత కట్టి చూడండి. లెక్కకి, నిజానికి తేడా వస్తే కర్ర బరువు కలిపారా అని చూసుకోండి. తర్వాత స్టాండ్‌ని తిప్పి, బరువు ఒకసారి కాలి మీద, ఒకసారి కాళ్ళ మధ్య ఉండేలా పెట్టి, ఏ దిక్కున ఎంత తేలిగ్గా ఒరుగుతుందో వేలితో నెట్టి చూడండి. ఆ అంకెలు దగ్గర పెట్టుకుని రండి. 6వ పాఠంలో అదే కొసకి లైటు తగిలించి, జుట్టు మీద వెలుగు ఎంత వెనక నుంచి, ఎంత పైనుంచి పడాలో చూద్దాం.