సేల్స్ ఉద్యోగం మాని రాయాలనుకుంటే

ఇరవై ఏళ్లు కడప నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, రాయచోటి సేల్స్ రూట్లు తిరిగినవాళ్లు ఉద్యోగం మాని కథలు రాయడానికి కూర్చోవాలంటే ముందు చూసుకోవాల్సింది రాజీనామా తేదీ. ఇన్సెంటివ్ చెల్లించే రోజున ఉద్యోగంలో ఉన్నవాళ్లకే అని చాలా నియామక పత్రాల్లో ఉంటుంది. డబ్బు ఖాతాలో పడ్డాకే నోటీసు ఇవ్వండి. డిస్ట్రిబ్యూటర్ల క్లెయిములు, శాంపిళ్ల లెక్క తేల్చి, బాకీ లేదని రాయించుకోండి. ఆఖరి సెటిల్‌మెంట్ ఎక్కువగా ఆగేది ఇక్కడే.

ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీకి, లెక్కలోకి వచ్చే చివరి నెల వేతనాన్ని (ప్రధానంగా బేసిక్, డీఏ) 15తో, సర్వీసు ఏళ్లతో గుణించి 26తో భాగించాలి. 26,000 ఉండి 18 ఏళ్లు చేస్తే 2,70,000. ఆఖర్లో ఆర్నెల్లు దాటితే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. 18 ఏళ్ల 5 నెలల దగ్గర మానేస్తే ఇదే లెక్కన 15,000 పోయినట్టే. ఇంకో రెండు నెలలు ఓపిక పట్టండి. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి మానకముందే సొంత పాలసీ చూసుకోండి.

కథల పారితోషికంతో ఇల్లు గడవదు. ఏడాదిన్నర ఖర్చు పక్కన పెట్టుకోండి; అనువాదాలు, ప్రకటనల రాత లాంటి పనులు ఉద్యోగంలో ఉండగానే వెతుక్కోండి.

ఇక రాత. రూట్లో విన్న మాటలే మీ అసలు ఆస్తి. బేరాలు, బాకీ వాయిదాలు, వాన రాని ఏడు అంగట్లో జరిగే మాటలు ఏ రోజువి ఆ రోజే నోటుబుక్కులో దించండి. మర్నాటికి అర్థం మిగులుతుంది, యాస పోతుంది. ‘యాడికి పోతాండావు’ అన్న మనిషే రెండు వాక్యాల తర్వాత ‘ఎక్కడికి వెళ్తున్నారండీ’ అంటే ఇక్కడి పాఠకుడు వెంటనే పట్టేస్తాడు. సేల్స్ వాళ్ల కథల్లో ఇంకో లోపం తరచూ కనిపిస్తుంది: చదివేవాణ్ణి ఒప్పించాలన్న తొందర. ఆఖరి పేరా ఆర్డరు అడిగినట్టుంటుంది. దాన్ని కొట్టేసి చదివి చూడండి, చాలాసార్లు కథ అంతకు ముందే ముగిసి ఉంటుంది.

ఇంట్లో ఉంటే ఏదో ఒక పని చెప్తారు. పొద్దున తొమ్మిదికి ఎప్పట్లాగే బయల్దేరి కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి పోవచ్చు.

కథ పత్రికకు పంపేటప్పుడు యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లో, కంప్యూటర్లో తెరిచినా తెలుగుగానే కనిపించే అక్షరాల్లో టైపు చేయండి. డీటీపీ షాపులో యూనికోడ్ కాని పాత అనూ ఫాంటులో కొట్టించింది మెయిల్లో అతికిస్తే అవతల పిచ్చిగీతలు కనిపిస్తాయి. సొంత రచన, అనువాదం కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు అని హామీపత్రం జతచేయండి. ఆ మాట ఇచ్చాక అదే కథ ఇంకో పత్రికకు పంపకూడదు. ఏ కథ, ఎవరికి, ఏ తేదీన పంపారో పాత డైలీ రిపోర్టులాగే పుస్తకంలో రాసుకోండి.