హైదరాబాద్ ఒక్కరోజు టూర్: డిక్కీలో సామాను పెట్టకముందే డ్రైవర్‌ని అడగాల్సిన మాట

మొన్న తెల్లవారుజామున మా వైపు హైవే మీద ఇంకో కారు ఆగి ఉన్న లారీ కిందికి వెనక నుంచి దూరింది. పేపర్లో రెండు కారణాలు రాశారు: అతివేగం, పొగమంచు. మధ్యాహ్నం అటు పోతూ నేను బండి ఆపి రోడ్డు చూశాను. టైరు ఈడ్చిన గీత ఒక్కటి లేదు, బ్రేకు తొక్కిన జాడే లేదు. కొత్త బండ్లకు గీత సరిగ్గా పడదంటారు, అదీ నిజమే. కానీ సాయంత్రానికి మా డ్రైవర్ల అడ్డా మీద అసలు సంగతి తెలిసింది. ఆ కారు నడిపిన అబ్బాయి ముందు రోజు రాత్రి ఎవరినో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో దింపి, రెండున్నరకి ఇల్లు చేరి, నాలుగింటికి ఈ కుటుంబాన్ని ఎక్కించుకున్నాడు. హైదరాబాద్ చూడ్డానికి బయల్దేరిన కుటుంబం అది.

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర నాది చిన్న ట్రావెల్స్, రెండు బండ్లు. అంతకుముందు పదకొండేళ్లు నేనే స్టీరింగ్ పట్టాను. ఇప్పుడు సంక్రాంతి సెలవులొస్తున్నాయి. పిల్లలకి గోల్కొండ, చార్మినార్ చూపించి, నుమాయిష్ (నాంపల్లి ఎగ్జిబిషన్) తిప్పి, రాత్రికి ఇల్లు చేరాలని రోజూ ఫోన్లు. నీళ్ల బాటిళ్లు, పర్సు, మందులు లాంటి జాగ్రత్తలు మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే, అదే మళ్లీ మళ్లీ చెప్తాను: మీ డ్రైవర్ నిన్న రాత్రి నిద్రపోయాడా లేదా.

బండి మాట్లాడుకునేటప్పుడు

ఫోన్ చేసినవాళ్లు ఏసీ ఉందా అంటారు, కిలోమీటరుకి ఎంత అంటారు, పాటలకి బ్లూటూత్ ఉందా అని కూడా అడుగుతారు. డ్రైవర్ రాత్రి ఎక్కడున్నాడని ఇన్నేళ్లలో నన్ను అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

ఇది అయ్యప్ప సీజన్. జ్యోతి దాకా మా డ్రైవర్లు శబరిమల పోతూనే ఉంటారు. రానూ పోనూ రెండు వేల కిలోమీటర్లు దాటే కిరాయి అది. అక్కడి నుంచి రాత్రి దిగి పొద్దున్నే ఇంకో కిరాయికి పోయేవాళ్లని నాకు తెలుసు. వాళ్ల తప్పని అనను. నెలకి కట్టాల్సిన ఫైనాన్స్ కిస్తీ ఉంటుంది, సీజన్ పోతే మళ్లీ పెళ్లిళ్ల దాకా బండి ఖాళీగా నిలబడుతుంది. అందుకే "నిద్రపోయినవా తమ్మీ" అని అడిగితే లాభం లేదు. "ఫుల్ నిద్ర సార్" అనే అంటాడు. ఇట్ల అడగండి:

"నిన్న లాస్ట్ కిరాయి యాడికి తమ్మీ? ఎన్నింటికి దిగినవ్? ఎన్నింటికి పండుకున్నవ్?"

మూడు ప్రశ్నలకి మూడు టైములు చెప్పాలి. లెక్క కుదరకపోతే అక్కడే తెలిసిపోతుంది. బండి ముందు కట్టిన బంతిపూల దండ ఇంకా వాడలేదంటే, వెనక సీటు కింద విభూది పొట్లం కనిపిస్తే, అది నిన్నో మొన్నో యాత్ర నుంచి వచ్చిన బండి. అప్పుడు ఇంకో డ్రైవర్‌ని పంపమనండి. బండి కాదు, డ్రైవర్ మారాలి.

పసుపు నంబరు ప్లేటు బండే, అంటే టాక్సీయే మాట్లాడండి. తెలిసినవాళ్ల తెల్ల ప్లేటు సొంత కారు నాలుగొందలు తక్కువకి వస్తుంది. కిరాయికి తిప్పుతుండగా ఏదైనా అయితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులు దులుపుకుంటుంది. ఏడు సీట్ల బండిలో తొమ్మిది మంది ఎక్కినా గొడవే. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెడతాం అంటారు. వద్దు.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవర్‌కి రోజుకి 8 గంటల పని అనేది. అయిదుగురు, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకే అది వర్తించేది. మాలాంటి రెండు బండ్ల వాళ్లకి లేదు. అంటే మీ డ్రైవర్ గంటలు లెక్కపెట్టే ఆఫీసరు ఎవరూ లేరు, మీరే లెక్కపెట్టాలి. పొద్దున నాలుగు నుంచి రాత్రి పదకొండు అంటే పంతొమ్మిది గంటలు.

నాలుగింటికే ఎందుకు?

నాకు అర్థం కానిది ఇది. గోల్కొండ గేటు తెరిచేది తొమ్మిదికి. సాలార్ జంగ్ మ్యూజియం పదికి. నల్లగొండ నుంచి రెండున్నర గంటల దారి. నాలుగింటికి బయల్దేరి ఆరున్నరకి అక్కడ చేరి ఏం చేస్తారు? టిఫిన్ చేసి గేటు ముందు కూర్చుంటారు. ఆ పనికి డ్రైవర్ మూడింటికే లేస్తాడు. జనవరిలో చిట్యాల, చౌటుప్పల్ మధ్య తెల్లవారుజామున పొగమంచు పడితే ముందు బండి లైటు కూడా కనపడదు. ఆరున్నరకి బయల్దేరండి, హాయిగా తొమ్మిదికి చేరతారు. పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లకీ ఇదే లెక్క, కాకపోతే మీది జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 44 నంబరు హైవే.

నా సంగతి కూడా చెప్తాను. ఒకసారి ఏడుగురిని తీసుకెళ్లాను. పొద్దున యాదగిరిగుట్ట, తర్వాత గోల్కొండ, చార్మినార్, రాత్రి కోటలో లైట్ షో. మందు ముట్టలేదు, మూడుసార్లు టీ తాగాను. పంతంగి టోల్‌గేటు దగ్గర డబ్బులిచ్చింది గుర్తుంది. తర్వాత చిట్యాల గుర్తుంది. మధ్యలో దారి నాకు గుర్తే లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, బండి నడుస్తూనే ఉంది. వెనక ఏడుగురూ నిద్రపోతున్నారు. ఎనభై స్పీడులో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కునుకు పడితే దాదాపు తొంభై మీటర్లు బండి తనంతట తనే పోయినట్టు. ఆ రాత్రి చిట్యాలలో ఆపి, మొహం కడుక్కుని గంటసేపు సీటు వాల్చి పడుకున్నాను. లేచాక ఆ ఇంటి పెద్దాయన "ఆలస్యం చేసినవ్" అని నా బాటాలో (డ్రైవర్‌కిచ్చే రోజు డబ్బుల్లో) వంద కోసుకున్నాడు.

ఊళ్లో తిరిగేటప్పుడు

హైదరాబాద్‌లో చూడాల్సినవి రెండు గుంపులుగా ఉన్నాయి. ఒకటి గోల్కొండ, దానికి దగ్గర్లోనే కుతుబ్‌షాహీ సమాధులు. రెండోది పాతబస్తీ: చార్మినార్, మక్కా మసీదు, లాడ్‌బజార్, చౌమహల్లా ప్యాలెస్, కాస్త ఇవతల సాలార్ జంగ్. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి. మధ్యలో బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, జూపార్కు ఇరికించకండి. ప్రతి చోటికీ ట్రాఫిక్‌లో ముప్పావు గంట పోతుంది, అదంతా డ్రైవర్ కాళ్ల మీదే.

గోల్కొండ పొద్దున్నే ఎక్కేయండి. పైన బాలా హిస్సార్ దాకా మూడొందల యాభైకి పైగా మెట్లు, ఎండెక్కితే పెద్దవాళ్లు సగంలో కూలబడతారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మని కింద కోట లోపలి గేటు గుమ్మటం దగ్గర చప్పట్లు కొట్టమని కూర్చోబెట్టండి, పైన మనవళ్లు విననీ. ఆమెకీ సరదా. గైడ్‌ని పెట్టుకుంటే మెడలో టూరిజం కార్డు చూసి, తెలుగులో చెప్తాడా, ఎంతసేపు, ఎంత అని ముందే మాట్లాడండి. మంచి గైడ్ దొరికితే డబ్బులు దండగ కావు. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు బయట కాచుకున్నా లొంగని కోట 1687లో లోపలివాళ్లు తలుపు తీస్తే ఎలా పడిందో వాడు చెప్తుంటే పిల్లలు ఫోన్ పక్కన పెట్టేస్తారు. కానీ "తెలిసిన ముత్యాల షాపు ఉంది, ఊరికే చూద్దాం" అన్నాడా, అక్కడే వీడ్కోలు చెప్పండి. షాపుకి ఒక గంట. ఆ గంట రాత్రి ప్రయాణం మీద పడుతుంది.

చార్మినార్ చుట్టూ ఎలాగూ బండ్లు వెళ్లనివ్వరు. దూరంగా డబ్బులు కట్టే పార్కింగ్‌లో, నీడలో బండి పెట్టించండి. డ్రైవర్‌కి కడుపునిండా అన్నం పెట్టించి, "మూడు గంటలు పండుకో, మేమే ఫోన్ చేస్తాం" అని చెప్పి మీరు ఆటోలో వెళ్లండి. ఆ మూడు గంటలూ ఫోన్ చేయకండి. జర్కిన్ మర్చిపోయాం, గాజుల సంచి బండిలో పెట్టాలి, పిల్లాడికి నీళ్లు కావాలి అని పావుగంటకోసారి లేపితే అది నిద్ర కాదు. పార్కింగ్‌లో వెయిటింగ్ అంటే రెస్టే కదా అని చాలామంది అనుకుంటారు. కాదు. పార్కింగ్ వాడు అద్దం కొట్టి "జర ముందుకు తీయ్" అంటూనే ఉంటాడు.

ఇక మిగిలినవి, గుర్తొచ్చిన వరసలో

- శుక్రవారం పెట్టుకోకండి. సాలార్ జంగ్‌కి, చౌమహల్లాకి ఆ రోజు సెలవు. మక్కా మసీదు దగ్గర జుమ్మా నమాజు రద్దీ.

- జూపార్కు సోమవారం మూసేస్తారు.

- భోగికి ముందు మూడు నాలుగు రోజులు సాయంత్రం పూట హైదరాబాద్ నుంచి వెనక్కి రావద్దు. ఆంధ్రా వాళ్ల కార్లన్నీ మన 65 నంబరు హైవే మీదే ఉంటాయి, పంతంగి దగ్గర లైను కదలదు. రెండు గంటలు క్లచ్ తొక్కీ తొక్కీ బయటపడ్డ డ్రైవర్, రోడ్డు ఖాళీ కాగానే స్పీడు పెంచుతాడు. ఆ తర్వాతే కునుకు. పండగ అయిపోయాక ఇదే రద్దీ అటు నుంచి హైదరాబాద్ వైపు ఉంటుంది.

- నుమాయిష్ అదే రోజు వద్దు. ఏటా మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది, ఎక్కడికీ పోదు. చూడాలనుకుంటే ఆ రాత్రి చుట్టాలింట్లో పడుకోండి. ఎల్బీనగర్‌లోనో వనస్థలిపురంలోనో చుట్టం లేని నల్లగొండ వాళ్లున్నారా?

- "ఎలాగూ వచ్చాం కదా" అనే మాట ఎవరి నోట వచ్చినా ఆపండి. ప్రతి ఆలస్యం ఆ మాటతోనే మొదలవుతుంది.

- సాయంత్రం నాలుగున్నరకి పాతబస్తీ నుంచి బండి కదలాలి. ఆ టైము పొద్దున బయల్దేరేటప్పుడే అందరికీ చెప్పండి. అత్తగారికీ చెప్పండి.

- రాత్రి రావడం తప్పదనుకుంటే రెండో డ్రైవర్‌ని తీసుకెళ్లండి. ఒక బాటా ఎక్కువ అవుతుంది, ఒక సీటు తగ్గుతుంది. తగ్గనీ.

- టీ తాగితే నిద్ర పోదు, కాసేపు వాయిదా పడుతుంది అంతే. కిటికీ దించినా, పాటలు పెంచినా, గుట్కా నమిలినా అంతే. నిద్రకి మందు నిద్రే.

- ముందు సీట్లో కూర్చున్నవాళ్లు నిద్రపోవద్దు. నిద్ర వస్తే వెనక్కి మారండి.

- డ్రైవర్ మెడ రుద్దుకుంటున్నాడా, మాటకి జవాబు ఆలస్యంగా ఇస్తున్నాడా, దిగాల్సిన ఎగ్జిట్ దాటేశాడా, టైరు తెల్లగీత మీద బరబరమంటోందా? ఆపించండి. "ఏం కాదు సార్, వచ్చేసినం" అంటాడు. అయినా ఆపించండి.

- ఆపేది రోడ్డు అంచున కాదు. దాబాలోనో, పెట్రోల్ బంకులోనో. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినవాళ్లకి ఇంకా ముఖ్యం. అక్కడ సిగ్నల్ లేదు, కుదుపు లేదు, కునుకు పట్టేది అక్కడే. ఎగ్జిట్ దిగి ఆపండి.

- పొగమంచులో హై బీమ్ వేయనివ్వద్దు. వెలుగంతా తిరిగి కళ్లలోనే కొడుతుంది.

- వెనక సీటు బెల్టు పెట్టుకోండి. కవరు కింద దాక్కుని ఉంటుంది, బయటికి లాగించండి.

- డ్రైవర్‌తో దావత్ వద్దు. ఒక్క పెగ్గు కూడా వద్దు.

- స్పీడు పెంచమనొద్దు.

- నలుగురైదుగురే ఉంటే అసలు బండి ఎందుకు? నా కడుపు నేనే కొట్టుకుంటున్నాను గానీ, ఆర్టీసీ బస్సెక్కి పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో దిగండి. సాలార్ జంగ్ పక్కనే. చార్మినార్ దాకా మెట్రో ఇంకా రాలేదు, ఆటో మాట్లాడుకోండి. వచ్చేటప్పుడు బస్సులో అందరూ నిద్రపోవచ్చు.

- హైవే మీద ఏదైనా అయితే 1033, అంబులెన్స్‌కి 108. ఫోన్లో ఇప్పుడే సేవ్ చేయండి, అప్పుడు వేళ్లు వణుకుతాయి.

- పొద్దున బండి గుమ్మం ముందుకి వచ్చాక డిక్కీలో సామాను పెట్టకముందే అడగండి: నిన్న లాస్ట్ కిరాయి యాడికి, ఎన్నింటికి పండుకున్నవ్. తడబడ్డాడా, ఎక్కొద్దు. పిల్లలు ఏడిస్తే ఏడవనీ, అడ్వాన్స్ పోతే పోనీ. మా బండి అయినా సరే.