గిటార్ గుర్రుమంటే, తీగ జీరగా మోగితే: విప్పే ముందు చూడాల్సినవి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఎలక్ట్రిక్ గిటార్ ఎక్కువగా వినిపించేది చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ ఫంక్షన్లలో. దానికి ఏమైనా అయితే చాలామంది వెంటనే హైదరాబాద్ బస్సెక్కుతారు. రోజంతా పోతుంది, ఛార్జీలు పోతాయి, తీరా అక్కడ వదులైన జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) బిగించి చేతిలో పెడతారు. నేను చూసినంతలో మన దగ్గరి కంప్లయింట్లకు సగం కారణాలు గిటార్‌లో ఉండవు. ఒకటి మన ఎండ, రెండు మన కరెంటు. ముందు ఈ రెంటినీ అనుమానించి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

ఒక మల్టీమీటర్, అలెన్ కీల సెట్టు, స్టీల్ స్కేలు, 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉంటే కింద చెప్పిన పనుల్లో చాలావరకు ఇంట్లోనే అయిపోతాయి.

మైక్‌కు పెదవి తగిలితే షాక్ కొడుతోంది

అన్నిటికన్నా ముందు ఇదే చెప్పాలి, ఎందుకంటే మిగతావి పాటను పాడు చేస్తాయి, ఇది ప్రాణం తీయగలదు. చేతిలో గిటార్ తీగలు, పెదవుల దగ్గర మైక్. తీగలు యాంప్ (యాంప్లిఫైయర్) ఎర్త్‌కు కలిసి ఉంటాయి, మైక్ జాలీ మిక్సర్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. యాంప్ ఒక బోర్డు నుంచి, మిక్సర్ ఇంకో బోర్డు నుంచి కరెంటు తీసుకుంటూ, అందులో ఒక బోర్డుకు ఎర్తింగ్ లేకపోతే, ఆ రెంటి మధ్య వోల్టేజి తేడా మీ ఒంట్లోంచి పోతుంది.

పాడేముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొనను గిటార్ తీగకు, ఇంకో కొనను మైక్ జాలీకి ఆనించండి. సున్నా దగ్గర ఉంటే మంచిది. పదుల్లో, వందల్లో చూపిస్తే ఆ మైక్ ముట్టుకోవద్దు. యాంప్, మిక్సర్, కీబోర్డు అన్నీ ఎర్తింగ్ సరిగా ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోండి. ఆ బోర్డులో ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 230 వోల్టుల దగ్గర, న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులలోపు చూపించాలి. మీటర్ బాగానే చూపించినా ఎర్త్ బలహీనంగా ఉండే అవకాశం ఉంది కాబట్టి పర్మనెంట్ స్టేజీ అయితే ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి పరీక్ష చేయించండి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్) పెట్టించండి.

ఇక్కడే ఎండ సంగతి కూడా వస్తుంది. మన చల్క నేలల్లో ఏప్రిల్, మే వచ్చేసరికి ఎర్తింగ్ గుంత పొడిబారిపోతుంది. మట్టిలో తేమ లేకపోతే ఎర్త్ పని చేయదు. వర్షాకాలంలో లేని షాక్ ఎండాకాలంలో వస్తోందంటే ఆ గుంతలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో అడగండి. పందిట్లో జనరేటర్ మీద ప్రోగ్రాం అయితే దాని బాడీకి ఎర్త్ రాడ్ కొట్టారో లేదో చూడండి.

గురగుర తగ్గుతుందని యాంప్ ప్లగ్గు మూడో పిన్ను విరిచేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, చేసినవాళ్ల యాంప్ వాడకండి.

యాంప్ ఆన్ చేయగానే గుర్రుమంటోంది

"అన్నా, నిన్నటిదాంక మంచిగనే ఉండె, ఇయ్యాల గుర్రుమంటుంది" అని ఫోన్ వస్తే నేను అడిగే మొదటి మాట: గిటార్ వాల్యూమ్ సున్నా చేస్తే ఆగుతుందా? ఆగకపోతే గిటార్ పికప్‌ల (తీగల కంపనాన్ని పట్టే అయస్కాంతపు కాయిల్స్) తప్పు కాదు. కేబుల్, యాంప్, కరెంటు చూసుకోవాలి. ముందు కేబుల్ మార్చి చూడండి.

వాల్యూమ్ సున్నా చేస్తే ఆగుతోందంటే, ఇప్పుడు వాల్యూమ్ పెంచి తీగల మీద అరచెయ్యి ఆనించండి. ఇక్కడ మూడు దారులు వస్తాయి. చెయ్యి పెట్టగానే గురగుర తగ్గితే వైరింగ్ సరిగానే ఉంది. తగ్గకుండా, కేబుల్ జాక్ లోహాన్ని ముట్టుకున్నప్పుడు మాత్రమే తగ్గితే బ్రిడ్జ్ (బాడీ మీద తీగల చివర్లు కూర్చునే లోహపు భాగం) కిందికి వెళ్లే ఎర్త్ వైరు తెగిపోయింది. మల్టీమీటర్‌ను ఓమ్స్ మీద పెట్టి బ్రిడ్జ్‌కు, జాక్ బయటి లోహానికి మధ్య కొలిస్తే సున్నా దగ్గర రావాలి. రాకపోతే బ్రిడ్జ్ నుంచి వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే భాగం) వీపుకు కొత్త వైరు వేసి సోల్డర్ చేయండి. ముట్టుకుంటే గురగుర ఇంకా పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి. ఎవరో ఈమధ్యే జాక్ మార్చి ఉంటారు.

వైరింగ్ అంతా సరిగానే ఉండి కూడా సన్నని గురగుర ఉందంటే, నిలబడ్డచోటే గిటార్‌తో మెల్లగా చుట్టూ తిరగండి. దిక్కు మారితే శబ్దం మారుతోందంటే అది సింగిల్ కాయిల్ పికప్ స్వభావం. మన 50 హెర్ట్జ్ కరెంటు తీగల అయస్కాంత క్షేత్రాన్ని అది పట్టేస్తుంది. దీన్ని రద్దు చేయడానికే 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు కాయిల్స్ ఎదురెదురుగా కలిపి హంబకర్ తయారుచేశాడు. లోపల రాగి రేకు అంటిస్తే జిరజిర తగ్గుతుంది కానీ ఈ 50 హెర్ట్జ్ గుర్రు పోదు. రేకు అంటిస్తే అన్నీ పోతాయని చెప్పే వీడియోలను నమ్మి డబ్బు పెట్టొద్దు.

ఇంట్లో మాత్రమే జిరజిరమంటుంటే ముందు ఫ్యాన్ ఆపి చూడండి. గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు అలను మధ్యలో కోసేస్తుంది, ఆ కోత గిటార్‌లో వినిపిస్తుంది. సీరియల్ లైట్లు, చవక ఫోన్ ఛార్జర్లు కూడా అంతే. కరెంటు పోయినప్పుడే గోల మొదలవుతోందంటే మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది; ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆ గోల ఉండదు.

తీగ జీరగా మోగుతోంది, ఫ్రెట్‌కు (మెడ మీది అడ్డ లోహపు పట్టీకి) తగులుతోంది

మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు చాలాసార్లు దాటుతుంది. ఆ ఎండలో కారు డిక్కీలోనో, రేకుల షెడ్డులోనో ఉంచిన గిటార్ నెక్ (మెడ) మీద పడే భారం ఊహించండి: 10-46 సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం) వేసి ట్యూన్ చేసిన ఆరు తీగలు కలిసి నెక్‌ను సుమారు 46 కిలోల బలంతో లాగుతుంటాయి. వేడికి జిగురు మెత్తబడితే ఆ లాగుడుకు చెక్క లొంగిపోతుంది. జూన్‌లో వానలు పడగానే చెక్క తేమ పీల్చుకుని మళ్లీ కదులుతుంది. ఎటు వంగుతుందన్నది ఆ చెక్కను బట్టి ఉంటుంది కాబట్టి ఊహించొద్దు, కొలవండి.

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. బైక్ మెకానిక్ టాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్ ఒక పది నిమిషాలు అడిగి తెచ్చుకోండి. ట్యూనింగ్‌లో ఉన్న గిటార్‌కు మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలను నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, లావు తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ మీద తీగకు, ఫ్రెట్‌కు మధ్య సందులో 0.25 మిల్లీమీటర్ల రేకు పెట్టండి. తీగ కదలకుండా రేకు ఒరుసుకుంటూ దూరితే నెక్ బాగుంది. రేకు దూరకపోతే నెక్ మరీ నిటారుగా ఉంది లేదా వెనక్కి వంగింది. ట్రస్ రాడ్‌ను (నెక్ లోపలి లోహపు కడ్డీని) అలెన్ కీతో ఎడమవైపు వదులు చేయాలి. రేకు చుట్టూ ఖాళీ ఉంటే కుడివైపు బిగించాలి. ఒక్కసారికి పావు తిప్పు మాత్రమే. మళ్లీ ట్యూన్ చేసి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున కొలవండి. అలెన్ కీ గట్టిగా అడ్డం పడితే బలం పెట్టొద్దు. ట్రస్ రాడ్ తెగితే రిపేరు ఖర్చుకు ఇంకో గిటార్ వస్తుంది.

నెక్ సరిచేశాక కూడా జీర ఉంటే అది ఎక్కడ వస్తోందో వినండి. అన్ని ఫ్రెట్ల మీదా వస్తుంటే బ్రిడ్జ్ దగ్గరి శాడిళ్లు (ఒక్కో తీగ ఆనే ముక్కలు) కిందికి ఉన్నాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ 2 మిల్లీమీటర్లు, సన్న తీగ ఒకటిన్నర మిల్లీమీటర్ ఎత్తులో ఉండేలా లేపండి. ఒకే చోట వస్తుంటే దానికి బ్రిడ్జ్ వైపున్న తర్వాతి ఫ్రెట్ లేచి ఉంటుంది. మూడు ఫ్రెట్ల మీద పడేంత చిన్న స్టీల్ ముక్క నిలబెట్టండి. అది అటూ ఇటూ ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉంది. ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా కొట్టి కూర్చోబెట్టండి, కూర్చోకపోతే సన్న ఆకురాయితో తీసి, పైభాగం మళ్లీ గుండ్రంగా చేయాలి. ఆకురాయి పని కొత్తవాళ్లు పాత గిటార్ మీద నేర్చుకోవడం మంచిది.

తీగ నొక్కకుండా మీటినప్పుడే జీర వస్తుంటే తప్పు నట్‌ది, అంటే తల దగ్గర తీగలు కూర్చునే గాట్ల పట్టీది. గాటు లోతైపోయింది. గాటులో కాస్త వంటసోడా నింపి, ఒక చుక్క ఫెవిక్విక్ వేస్తే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది. ముఖం దూరం పెట్టుకోండి, పొగ వస్తుంది. తర్వాత సన్న ఆకురాయితో కొత్త గాటు తీయండి.

నెక్ అంచున చేతికి ముల్లులా గుచ్చుకుంటోంది

ఎండకు ఫ్రెట్‌బోర్డు చెక్క అడ్డంగా కుంచించుకుపోయింది, లోహపు ఫ్రెట్ కుంచించుకోదు, అందుకే కొనలు బయటికి వచ్చాయి. వెంటనే ఆకురాయితో అరగదీయకండి, వానాకాలంలో చాలావరకు లోపలికి పోతాయి. రెండు ఎండాకాలాలు వరసగా అదే చోట గుచ్చుకుంటే అప్పుడు అంచుకు టేపు అంటించి అరగదీయండి.

ట్యూనింగ్ నిలవడం లేదు

కొత్త తీగలైతే చేత్తో లాగి సాగదీసి మళ్లీ ట్యూన్ చేయండి. తీగ బిగించే కీ తిప్పుతుంటే నట్ దగ్గర టిక్కుమని శబ్దం వస్తే తీగ గాటులో ఇరుక్కుంటోంది. 2బీ పెన్సిల్ పొడి గాటులో రుద్దండి. ఏసీ గదిలో ట్యూన్ చేసి వేడి పందిట్లోకి వస్తే శ్రుతి దిగుతుంది, ఉక్కు తీగ వేడికి సాగుతుంది కాబట్టి. స్టేజీ మీదికి ఒక పావుగంట ముందే తెచ్చుకోవాలి.

ట్యూనర్‌లో సరిగ్గా ఉన్నా పై ఫ్రెట్లలో అపశ్రుతి

పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలు తాకించి మీటే స్వరం) ఒకసారి, నొక్కి ఒకసారి మీటండి. నొక్కిన స్వరం ఎక్కువగా చూపిస్తే శాడిల్‌ను వెనక్కి (నట్‌కు దూరంగా), తక్కువ చూపిస్తే ముందుకు జరపండి. శాడిల్ చివరిదాకా జరిపినా చాలకపోతే బ్రిడ్జే తప్పు చోట ఉంది. సొంతంగా గిటార్ చేసుకునేవాళ్లకు ఇదే పెద్ద దెబ్బ. స్కేలు (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు) 648 మిల్లీమీటర్లు అయితే నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కు సరిగ్గా 324, మొదటి ఫ్రెట్‌కు 36.37 మిల్లీమీటర్లు. సన్న తీగ శాడిల్ 648 దగ్గర ఉండి, వెనక్కి జరగడానికి చోటు మిగలాలి. ఈ లెక్క చూశాకే బ్రిడ్జ్ రంధ్రాలు వేయండి.

సౌండ్ మందంగా ఉంది, గరగరలాడుతోంది, అసలు రావడం లేదు

నాబ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి ఇరవై ముప్పైసార్లు తిప్పండి. కుట్టుమిషన్ నూనె వేయొద్దు. టీవీ రిపేరు షాపులో పాట్ మార్పించాక ట్రెబుల్ పోయిందంటే వాళ్ల దగ్గర ఉన్న 50 కె (కిలో ఓమ్స్) వేసి ఉంటారు. సింగిల్ కాయిల్‌కు 250 కె, హంబకర్‌కు 500 కె కావాలి. కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్లేవాళ్లుంటే రాసిచ్చి తెప్పించుకోండి. సౌండ్ వచ్చి పోతుంటే జాక్ నట్టు వదులైంది, బిగించేటప్పుడు లోపలి భాగాన్ని పట్టుకోకపోతే వైరు మెలితిరిగి తెగుతుంది. యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) పికప్‌లైతే 9 వోల్టుల బ్యాటరీ చూడండి. కేబుల్ గుచ్చి ఉంచితే వాయించకపోయినా అది అయిపోతుంది. వాల్వ్ (గాజు ట్యూబుల) యాంప్‌ను మాత్రం విప్పొద్దు, స్విచ్ ఆపినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

టేకుతో చేసిన బాడీ అతుకు ఊడింది

పాత ఇళ్ల దూలాలు, దర్వాజాల టేకు బాగా ఆరి ఉంటుంది, బాడీకి మంచి చెక్క. ముందు అయస్కాంతం తిప్పి లోపలి మేకులు వెతికి తీయండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు పట్టదు. అతుకు వేసే రెండు ముఖాలను కొత్తగా చిత్రిక పట్టి, అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే ఆలస్యం చేయకుండా జిగురు రాసి క్లాంపులు బిగించండి. రేపటిదాకా ఆగితే నూనె మళ్లీ పైకి వస్తుంది.