పసిపిల్లల పుట్టినరోజుకి అటకెక్కని కానుక

కోనసీమలోనైనా, భీమవరం, పాలకొల్లు వైపైనా మొదటి పుట్టినరోజంటే హాలు, స్టేజీ, కేకు, ఊరందరికీ భోజనాలు. ఆ రాత్రి ఇంటికి చేరే పెట్టెల్లో చాలావరకు ఒకే సరుకు ఉంటుంది: బ్యాటరీ కారు, పాటలు పాడే కుక్కపిల్ల, బిడ్డకన్నా పెద్ద టెడ్డీ. వారం తిరక్కుండా అన్నీ అటకెక్కుతాయి. మన దగ్గర అటక అంత ఖాళీగా పడుండే చోటు కూడా కాదు. జులై, ఆగస్టుల్లో గోదావరి పోటెత్తితే లంక ఊళ్లలో బియ్యం బస్తా, పరుపులు, పొలం కాగితాలు అన్నీ దాని మీదకే ఎక్కాలి. పైగా ఇక్కడి తేమకి బొచ్చు బొమ్మ ఒక్క ముసురుకే బూజు పడుతుంది, బ్యాటరీ గుంటలో స్ప్రింగులు చిలుం పట్టి బొమ్మ మూగపోతుంది.

అందుకని కొనేముందు ఆలోచించుకోవాల్సింది ఒక్కటే: ఆరు నెలల తర్వాత ఇది ఎక్కడుంటుంది? వాడేసి అయిపోయేదైనా, రోజూ వంటింట్లో తిరిగేదైనా, ఒంటిమీదుండేదైనా, నేలలోనో బ్యాంకులోనో పెరిగేదైనా పరవాలేదు. జవాబు దొరక్కపోతే ఆ వస్తువు కొనకండి.

బిడ్డ తల్లిని అడగడం మంచిదే, కానీ “ఏం తెమ్మంటారు?” అని మాత్రం అడక్కండి. “అయ్యో, ఏమీ వద్దండీ, మీరొస్తే చాలు” అన్న మాటే వస్తుంది. “పాపకి ఇప్పుడు ఏ సైజు గౌను సరిపోతోందమ్మా?”, “గ్లాసుతో తాగుతోందా, ఇంకా సీసాయేనా?”, “ఏం వస్తువులు రెండేసి ఉన్నాయి మీకు?” అనండి. ఇలా అడిగితే పనికొచ్చే జవాబొస్తుంది.

మొదటి పుట్టినరోజుకి మేం ముందుగా చెప్పేది స్టీలు సామాను. చిన్న కంచం, చిన్న గ్లాసు, మూత డబ్బా. మీద పేరు కొట్టించి ఇస్తే ఆ బిడ్డకి సొంత కంచం ఏర్పడినట్టే. బడికెళ్లే వయసుకి గ్లాసు చిన్నదైతే పప్పు కొలతకి పనికొస్తుంది, డబ్బాలో ఇంగువో ఏలకులో పోసుకుంటారు. మూడూ కలిపి 300 రూపాయల చుట్టుపక్కల తేలిపోతాయి. కొట్లో చూసుకోవాల్సినవి ఇవి. అంచు చుట్టూ వేలు తిప్పండి. రేకు కోసి వదిలేసినట్టు గరుగ్గా ఉంటే వద్దు, అంచు బయటికి మడిచి ఉండాలి. గ్లాసు 100 నుంచి 150 మిల్లీలీటర్లు పట్టేది చాలు. అడుగుభాగం వెడల్పుగా, కాస్త బరువుగా ఉంటే తొణకదు. డబ్బా మూత మరీ బిగుతైంది తీసుకోవద్దు. ఏడాది పిల్లలకి లోకంలో అన్నిటికన్నా ఇష్టమైన ఆట మూత తీయడం, ఒకటి లోపల వేయడం, బయటికి తీయడం. వదులు మూత డబ్బా ఉంటే వాళ్లకి వేరే బొమ్మ అక్కర్లేదు. పేరు కొట్టించేటప్పుడు అక్షరాలు కాగితం మీద రాసివ్వండి. నోటితో చెబితే ‘శ్రీహాన్’ కాస్తా ‘శ్రీహన్’ అవుతుంది, చెక్కాక చెరపలేరు. పేరు గ్లాసు పెదవి దగ్గర వద్దు, అక్కడ గీతలు గరుగ్గా తగులుతాయి. నడుం మీదో, కంచానికైతే అడుగునో వేయించండి.

రెండేళ్లు నిండిన పిల్లలకైతే అదే డబ్బాలో ఇంట్లో చేసిన ఆటపిండి, అంటే పిల్లలు నలిపి ఆకారాలు చేసుకునే మెత్తటి ముద్ద, పెట్టివ్వొచ్చు. ఖర్చు 50 రూపాయలు దాటదు, ఆడినంతకాలం ఆడి పారేస్తారు. మైదా 1 కప్పు, మెత్తటి ఉప్పు అర కప్పు, నీళ్లు 1 కప్పు, నూనె 1 పెద్ద చెంచా, నిమ్మరసం 2 చిన్న చెంచాలు తీసుకోండి. ముందు నీళ్లు వేడిచేసి ఉప్పు పూర్తిగా కరిగించాలి. ఈ పని ఎగ్గొడితే ఆరాక పిండి మీద తెల్లటి పలుకులు తేలి చేతికి గుచ్చుకుంటాయి. నీళ్లు చల్లారాక మైదా కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా కలిపి, నూనె, నిమ్మరసం వేసి సన్నసెగ మీద పెట్టండి. గరిటె ఆపకూడదు. నాలుగైదు నిమిషాల్లో జావ కాస్తా ముద్దై గిన్నె అంచులు వదిలేస్తుంది. అప్పుడు దించి, చెయ్యి పట్టేంత వేడి ఉండగానే బాగా మర్దించండి. చపాతీ పిండికన్నా మెత్తగా, వేళ్లకి అంటకుండా రావాలి. అంటుతుంటే ఇంకా ఉడకలేదని, మళ్లీ ఒక నిమిషం సెగ చూపించండి. పొడి మైదా కలిపారంటే అప్పటికి బాగానే ఉంటుంది, మర్నాటికి పగుళ్లిస్తుంది.

రంగుకి పసుపు చిటికెడు చాలు. ఎక్కువైతే గచ్చు మీద, గౌను మీద మరక పోదు. గులాబీ రంగు కావాలంటే నీళ్లలో పావు వంతు తగ్గించి బీట్‌రూట్ రసం పోయండి. నిమ్మరసం ఉండబట్టి ఆ రంగు నిలుస్తుంది, సెగ పెద్దదైతే మాత్రం గోధుమ రంగుకి తిరుగుతుంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వాడకండి: ఫ్రిజ్‌లో పేరుకుని ముద్ద రాయైపోతుంది. ముద్దని ముందు పల్చటి కవర్లో చుట్టి, ఆ తర్వాతే స్టీలు డబ్బాలో పెట్టాలి; ఉప్పు రోజుల తరబడి తగిలితే స్టీలు మీద కూడా చుక్కలు పడతాయి. ఫ్రిజ్‌లో నెలకి పైగా ఆగుతుంది. బయట పెడితే వానాకాలంలో ఉప్పు చెమ్మ లాక్కుని జిగురెక్కుతుంది. రెండేళ్ల లోపు పిల్లలకి ఇది ఇవ్వొద్దు, అంత ఉప్పు కడుపులోకి పోతే ప్రమాదం. గోధుమ పడని పిల్లలకీ వద్దు.

బట్టలు పెట్టాలనుకుంటే ఇప్పటి సైజు కొనకండి, ఆ సైజే నలుగురూ తెస్తారు. ఒక సైజు పెద్దది, పల్చటి నూలుది, ముందు గుండీలు లేనిది తీసుకోండి. గుండీ ఊడితే నోట్లోకే పోతుంది. చమ్కీలు, అద్దాలు ఉక్కపోతలో మెడంతా గీరేస్తాయి. ఆడపిల్లకి పరికిణీ కుట్టిస్తుంటే అడుగున రెండంగుళాల మడత లోపలికి వేసి కుట్టమని దర్జీకి చెప్పండి. మరుసటి ఏడు ఆ కుట్టు విప్పుకుంటే సరి.

పెరడో తోటో ఉన్న ఇల్లయితే కొబ్బరి మొక్క ఇవ్వండి, అయితే పెద్దవాళ్లని అడిగాకే. 9 నుంచి 12 నెలల వయసు మొక్క, ఆరాకులు తక్కువ కాకుండా, మొదలు చుట్టుకొలత 10 సెంటీమీటర్లకి తగ్గకుండా చూసి ఏరాలి. పొడుగ్గా సాగిన మొక్క చూపుకి బాగుంటుంది కానీ మొదలు లావుగా ఉన్నదే త్వరగా కాపుకొస్తుంది. అంబాజీపేట పరిశోధనా స్థానం తయారుచేసిన ‘గోదావరి గంగ’ సంకర రకం నాలుగైదేళ్లకే కాస్తుంది, దేశవాళీ పొడుగు రకానికి ఆరేడేళ్లు పడుతుంది. గొయ్యి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. పక్క చెట్టుకి 8 మీటర్ల ఎడం. పిల్లలాడే చోటికి, నడిచే దారికి దూరంగా వేయించండి. కాయ ఎప్పుడు రాలేదీ ఎవరూ చెప్పలేరు. కడియం నర్సరీలకి వెళ్లినవాళ్లు అందంగా ఉందని డైఫన్‌బేకియా, పచ్చగన్నేరు పట్టుకురావడం మామూలే. పాకే పిల్లలున్న ఇంటికి ఆ రెండూ వద్దు. మొదటిది కొరికితే నోరు, నాలుక వాచిపోతాయి, రెండోది నిలువెల్లా విషం.

నూటపదహార్ల కవరు పాత పద్ధతే, తక్కువ చేసి చూడక్కర్లేదు. చిక్కల్లా ఆ డబ్బు హాలు బిల్లులో కలిసిపోవడం. ఆడపిల్లయితే సుకన్య సమృద్ధి (ఆడపిల్లల పేరిట ప్రభుత్వ పొదుపు పథకం) ఖాతా ఉందేమో కనుక్కోండి. పదేళ్ల లోపు పాపకి పోస్టాఫీసులో 250 రూపాయలతో తెరవొచ్చు. తెరవాల్సింది తల్లో, తండ్రో, చట్టబద్ధమైన సంరక్షకులో మాత్రమే. మేనత్త, అమ్మమ్మ తెరుస్తామంటే కుదరదు. జనన ధ్రువపత్రం, తెరిచేవాళ్ల ఆధార్, పాన్ కావాలి. ఏడాదికి కనీసం 250 కట్టకపోతే 50 జరిమానా పడుతుంది కాబట్టి, ఏటా పుట్టినరోజుకి ఆ 250 మీరే ఇస్తామన్నా చక్కటి కానుకే. మగపిల్లాడికి నెలకి 100 రూపాయల రికరింగ్ డిపాజిట్ ఉంది, అయిదేళ్లు సాగుతుంది.

రెండు, మూడేళ్ల పిల్లలకి వస్తువే ఇవ్వాలని లేదు, ఒక పూట తిప్పి తీసుకొచ్చినా చాలు. కొవ్వూరులో ప్యాసింజరెక్కి వంతెన దాటి రాజమండ్రిలో దిగడం, మళ్లీ వెనక్కి రావడం. అయిదేళ్ల లోపు పిల్లలకి రైల్లో టిక్కెట్టు లేదు, ఖర్చు మీ ఒక్కరిదే. పొద్దున్నే, పాలు తాగించాక బయల్దేరండి. పది దాటితే ఎండకి, ఆకలికి ఏడుపు మొదలవుతుంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు (బల్లకట్టు పడవ) ఎక్కించినా సంతోషమే, బళ్లూ ఆటోలూ నీళ్ల మీద తేలడం వాళ్లకి పెద్ద వింత. పిల్ల చెయ్యి వదలొద్దు, వరద రోజుల్లో వద్దే వద్దు. ఆ పూట తల్లికి కాస్త కునుకు దొరుకుతుంది, అదీ లెక్కే.

పుస్తకమైతే రెండేళ్ల లోపు వాళ్లకి మందపాటి అట్ట పేజీలది ఒక్కటి. పల్చటి కాగితం చింపుతారు, నములుతారు.

ఇంతా చెప్పినా బొమ్మే కొనాలనిపిస్తే ఒకటే కొనండి, నలుగురు చుట్టాలు కలిసి వేసుకుంటే మరీ మంచిది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు లేని ప్లాస్టిక్ బొమ్మ తీర్థంలో (జాతరలో) ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి. ఏటికొప్పాక లక్క బొమ్మల వంటి హస్తకళల్లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్నవాటికి, నమోదైన కళాకారులు చేసేవాటికి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది, వాటి మీద గుర్తు లేకపోతే కంగారుపడకండి. మూడేళ్ల లోపు వాళ్లకి ఇచ్చేదానిలో అంగుళంపావు కన్నా సన్నటి ముక్కేదీ ఊడి రాకూడదు. గట్టిగా లాగి, మెలిపెట్టి చూశాకే డబ్బులివ్వండి. బిళ్ల బ్యాటరీ ఉంటే దాని మూతకి స్క్రూ ఉండాలి. ఆ బిళ్ల మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది, అనుమానం వచ్చినా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. బెలూన్ల ప్యాకెట్టు, నీళ్లు నింపే టబ్బు కానుకగా వద్దు. రెండంగుళాల నీళ్లు కూడా పసిబిడ్డ మునగడానికి చాలు.

హాల్లో ఇచ్చే కవరు మీద మీ పేరు, ఊరు రాయండి, రాత్రి లెక్క చూసుకునేవాళ్లకి తెలియాలి కదా. బట్టల బిల్లు లోపలే పెట్టండి, సైజు మార్చుకుంటారు. ఆటపిండి డబ్బా మాత్రం హాలుకి తీసుకెళ్లొద్దు, రాత్రంతా పెట్టెల కింద నలిగిపోతుంది. మర్నాడు సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లి తల్లి చేతికే ఇవ్వండి.