బీజెడ్‌సీ చదువుతూ దారి వెతుక్కోవడం ఎలా?

భీమవరంలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. బీజెడ్‌సీలో (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) ఎందుకు చేరారని అడిగితే చాలామంది చెప్పేది నీట్‌లో ర్యాంకు రాలేదనే. ఆ వెంటనే, "దీంతో ఏం ఉద్యోగం వస్తుంది మేడమ్?" అంటారు. ముందు ఏ పనిలోని విసుగును ఓర్చుకోగలరో తేల్చుకోండి అంటాను. ఈ జవాబు ఎవరికీ రుచించదు.

అది తేలేది ల్యాబులోనే. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి. సంతకం పెట్టించుకుని మమ అనిపించకండి. మా వైపు రొయ్య పిల్లలను పరీక్షించే పీసీఆర్ ల్యాబులున్నాయి. పిల్లను చెరువులో వదిలే ముందు తెల్లమచ్చల వైరస్ ఉందేమోనని రైతులు చూపించుకుంటారు. రొయ్య పిల్లలను ట్యూబులో నలిపి, డీఎన్‌ఏ తీసి, మైక్రోలీటర్ల లెక్కన ద్రావణాలు కలిపి యంత్రంలో పెడతారు. అది గంటల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ తిరుగుతుంది. వైరస్ ఉంటే చివరికి జెల్ మీద ఒక గీత. డీఎన్‌ఏకు బదులు ఉత్త నీళ్లు పోసిన ట్యూబుకు కూడా గీత వచ్చిందంటే ఎక్కడో ఏదో కలిసిందన్నమాట. అంతా మళ్లీ మొదలు. ఎక్కడ కలిసిందో పట్టుకోవాలని మనసు లాగితే పరిశోధన వైపు చూడండి. ఇంటికి పోవాలనిపిస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు, వేరే దారులున్నాయి.

పరిశోధన అనుకున్నవాళ్లు దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని. ప్రకటన కోసం దసరా నుంచే చూస్తూ ఉండండి. ఎందుకు రావాలనుకుంటున్నారో రాసే చోట "చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ప్రాణం" అని రాయకండి. ఆ నీళ్ల ట్యూబు గీత గురించి రాయండి. సిఫారసు లేఖ కోసం గడువు రోజు రాత్రి లెక్చరర్‌కు ఫోన్ చేయకండి (ఏటా నాకు ఈ గోల తప్పదు).

పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయితే సీయూఈటీ పీజీ, ఐఐటీలైతే జామ్ ప్రవేశ పరీక్ష రాయాలి. జామ్ బయోటెక్నాలజీ పేపర్లో ఇంటర్ స్థాయి లెక్కలూ ఫిజిక్సూ ఉంటాయి. బైపీసీ వాళ్లు పదో తరగతితోనే లెక్కలకు దండం పెట్టి వస్తారు. అందుకే మొదటి సంవత్సరంలోనే ఇంటర్ లెక్కల పుస్తకం తెరవండి. "ఇంకా ఎన్నేళ్లు చదివించాలి?" అని ఇంట్లో అడిగితే, ఎమ్మెస్సీ తర్వాత నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరినవారికి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారని చెప్పండి.

పద్ధతి ప్రకారం ఒకే పరీక్షను రోజూ తప్పులేకుండా చేయగలిగే నిదానస్థులకు హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీ టీకా సంస్థల్లో క్వాలిటీ కంట్రోల్ పని సరిపోతుంది. మెడికల్ కోడింగ్ (ఆసుపత్రి రికార్డుల్లోని జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని) శిక్షణకు వేలకు వేలు కట్టే ముందు మాత్రం ఆ పనిలో ఉన్న సీనియర్‌ను పట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో అడగండి. జీతం సంగతి ఆ తర్వాత.