పందిరి పడేది కాళ్ల దగ్గరే: బెంగళూరు పెరటికి గట్టి చెక్క పందిరి

చెక్క పందిరి కూలితే తప్పంతా పైనున్న తీగ బరువు మీదికి తోస్తాం. తవ్వి చూస్తే మట్టి మట్టం దగ్గర గుంజ గుల్లబారి ఉంటుంది. తడీ గాలీ కలిసే చోటే చెక్క పుచ్చుతుంది, చెదలు ఎక్కేదీ అక్కడే. తారు పూసి పాతినా, సిమెంటులో నిలబెట్టినా ఫలితం పెద్దగా మారదు; సిమెంటు గుంటలో దిగిన నీరు బయటికి పోలేదు కాబట్టి ఇంకా తొందరగా పుచ్చుతుంది. అందుకే గుంజను నేలకు తగలనివ్వకండి.

ఇక్కడ చెబుతున్న కొలత చిన్న పెరట్లో పట్టేది: గుంజల మధ్య ఒకవైపు 6 అడుగులు, మరోవైపు 4 అడుగులు, ఎత్తు 8 అడుగులు. కావలసిన చెక్క ఇది. 4×4 అంగుళాల గుంజలు ఎనిమిదిన్నర అడుగులవి 4. 2×5 దూలాలు 8 అడుగులవి 2. 2×3 వాసాలు 6 అడుగులవి 7. 2×4 అడ్డపట్టెలు నాలుగున్నర అడుగులవి 2. మూలదన్నులకు, అంటే గుంజ నుంచి పైచెక్కకు ఏటవాలుగా పెట్టే దన్నులకు, రెండున్నర అడుగుల 2×3 ముక్కలు 8. మొత్తం దాదాపు 8 ఘనపుటడుగులు. తరుగుతో కలిపి 9 కొనండి.

టింబర్ యార్డులో చౌక అని సిల్వర్ ఓక్ చూపిస్తారు. ఇంట్లో ఫర్నిచర్‌కు సరే గానీ వానలో నిలవదు. హొన్నె, అంటే మన వేగిస, లేదా మత్తి, అంటే నల్లమద్ది, అడగండి. టేకు అయితే చేవ ఉన్నదే తీసుకోండి. అంచున ఉండే తెల్లచెక్క ఏ చెట్టుదైనా చెదలకు మేతే. పాత బంగళాలు కూల్చినప్పుడు దొరికే టేకు దూలాలు బాగా ఆరి ఉంటాయి, మెలి తిరగవు. కోసే ముందు లోపలి మేకుల్ని అయస్కాంతంతో వెతకండి, లేకపోతే రంపం పళ్లు పోతాయి.

పునాదికి ఒకటిన్నర అడుగు చదరంగా, 2 అడుగుల లోతున నాలుగు గోతులు తవ్వండి. అడుగున 4 అంగుళాలు కంకర పరిచి, 1:2:4 కాంక్రీటు (ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర) నేలకు 2 అంగుళాలు పైకి వచ్చేదాకా పోయండి. నాలుగింటికీ 3 బస్తాల సిమెంటు పడుతుంది. ఒక్కో దిమ్మ సుమారు 280 కిలోలుంటుంది. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలి తీగల కిందికి దూరి పందిరిని పైకి లేపబోతుంది. దాన్ని ఆపేది ఈ బరువే. దిమ్మ పైభాగాన్ని నలువైపులా వాలుగా నున్నచేయండి.

కాంక్రీటు పచ్చిగా ఉండగానే, గుంజ కూర్చోవడానికి 6 మి.మీ. మందపు యు ఆకారపు ఇనుప పట్టీ దింపాలి. కింద వంకీ తిప్పిన కమ్మీలు వెల్డింగ్ చేయించి, ఆ తర్వాతే జింకు పూత వేయించండి. ముందే వేయిస్తే వెల్డింగ్ దగ్గర పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. పట్టీ అడుగు దిమ్మకు అంగుళం పైన నిలవాలి, నీరు పోవడానికి అందులో 10 మి.మీ. రంధ్రం ఉండాలి. ఆ సందులోంచి చెదల మట్టిగూడు కడుతుంటే కంటికి కనిపిస్తుంది కూడా. నాలుగు పట్టీల కర్ణాలు మధ్య నుంచి మధ్యకు 7 అడుగుల రెండున్నర అంగుళాలు రావాలి. రెండు కర్ణాలూ సమానంగా లేకపోతే అప్పుడే సర్దండి, గట్టిపడ్డాక చేయగలిగేదేమీ లేదు. వారం రోజులు తడుపుతూ ఉండండి.

దిమ్మలు ఎప్పుడూ ఒకే ఎత్తుకు రావు. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో నాలుగు చోట్లా మట్టం చూసి, ఏ గుంజ ఎంత పొడవో దాని మీదే రాసుకుని కోయండి. అరడుగు ఎక్కువ కొనమన్నది ఇందుకే. కోసిన అడుగు భాగం పీల్చుకోవడం మానేదాకా అవిసె నూనె పట్టించండి. నీరు తాగేది ఆ కొసే.

గుంజ తల బయటివైపు ఒకటిన్నర అంగుళం లోతు, 5 అంగుళాల ఎత్తు గాడి కొట్టి దూలాన్ని అందులో కూర్చోబెట్టండి. బరువు చెక్క మీద చెక్కే మోయాలి, బోల్టు పట్టి ఉంచడానికే. గాడి కొట్టకుండా బోల్టుల మీదే దూలం వేలాడదీస్తే నాలుగేళ్లకు రంధ్రాలు కోలగా సాగి, పందిరి ఊగుతుంది. జాయింటుకు రెండు చొప్పున 12 మి.మీ. జింకు బోల్టులు, వెడల్పాటి వాషర్లతో. దూలాలకూ కాళ్లకూ 140 మి.మీ. పొడవువి 16, అడ్డపట్టెలకు 180 మి.మీ. పొడవువి 8. 4 అడుగుల వైపు గుంజల్ని కలిపే అడ్డపట్టెలు దూలానికి కింద బిగించండి.

మూలదన్నులు లేని పందిరి చూడ్డానికి బాగానే ఉంటుంది, చెయ్యేసి తోస్తే తెలుస్తుంది. గుంజకు రెండువైపులా మూల నుంచి 18 అంగుళాల దూరానికి 45 డిగ్రీల్లో కోసి, ముందు రంధ్రం వేసి, స్టీలు స్క్రూలు బిగించండి. ముందు రంధ్రం వేయకపోతే కొస చీలుతుంది.

వాసాలు 15 అంగుళాల దూరంలో. ఒక్కోదానికి ముప్పావు అంగుళం గాడి, పైనుంచి 4 అంగుళాల స్క్రూ. గుంజల తలల మీద రేకు ముక్క కప్పండి.

వార్నిష్ వద్దు, రెండు ఎండాకాలాలకు పొరలు లేస్తుంది. ఉడికించిన అవిసె నూనె మూడు పూతలు, ఏడాదికోసారి మళ్లీ ఒకటి. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి, విప్పి ఆరేయండి. మూడు నెలలకు చెక్క ఆరి కుంచించుకుంటుంది, నట్లన్నీ మళ్లీ బిగించాలి.

ఈ పందిరికి సన్నజాజి, చిక్కుడు, పాషన్ ఫ్రూట్ ఇబ్బంది లేదు. కాగితప్పూలు, రాధామనోహరం పెంచితే వానల ముందు ఏటా కత్తిరించాల్సిందే. పాదు మాత్రం దిమ్మకు అడుగున్నర ఎడంగా తవ్వండి, దగ్గరగా తవ్వితే రోజూ పోసే నీరు కాలి దగ్గరే నిలుస్తుంది.