టాంగో నేర్చుకుందాం – 2: నడక

టాంగో అంటే ఇద్దరు కలిసి ఆడే నాట్యం. పోయిన పాఠంలో జోడీగా నిలబడడం చూశాం. ఈసారి జోడీ అక్కర్లేదు, ఒక్కరే నడవాలి. నడక కూడా నేర్చుకోవాలా అని తీసిపారేయకండి. కాళ్లు విసరడం, వెనక్కి వాలిపోవడం స్టేజీ టాంగో సంగతి. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐర్స్‌లో మామూలు జనం టాంగో ఆడే చోట్లను మిలోంగా అంటారు. కిక్కిరిసిన ఆ హాల్లో కాలు విసిరితే పక్కవాళ్ల పిక్కకే తగులుతుంది. అక్కడ పనికొచ్చేది నడకే.

నున్నటి నేల చూసుకోండి. టైల్స్ మీద సాక్సులతో వద్దు, జారుతారు. పాదాలు దగ్గరగా పెట్టి బరువంతా కుడికాలి మీదకు తెచ్చుకోండి. వచ్చిందో లేదో తెలియాలంటే ఎడమకాలు ఎత్తి చూడండి. ఒళ్లు తూలితే రాలేదన్నమాట. ఇప్పుడు నడుము వంచకుండా ఛాతీ కాస్త ముందుకు తేవాలి. ఎడమకాలు నేలను రాసుకుంటూ ముందుకు వెళ్తుంది, బరువు మొత్తం దాని మీదకు మారుతుంది, కుడికాలు వచ్చి దాని చీలమండ పక్కన చేరుతుంది. చేరిన కాలి మీద బరువు వేయకూడదు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మిలోంగాలో ముందే అనుకున్న స్టెప్పుల వరస ఏదీ ఉండదు. నడిపించేవాళ్ల బరువు ఎటు మారుతోందో ఛాతీ కదలికను బట్టి పట్టుకుని రెండోవాళ్లు అడుగేస్తారు. మీరు రెండు కాళ్ల మీదా బరువు పంచి నిలబడితే వాళ్లకేం అర్థమవుతుంది?

వెనక్కి నడిచేటప్పుడు కాలు తుంటి నుంచి సాగాలి. ముందు వేళ్లు ఆనతాయి, తర్వాత మడమ. పిరుదులు వెనక్కి తోయకండి.

సంగీతానికి టాంగో సంగీతకారుడు కార్లోస్ ది సార్లి ఆర్కెస్ట్రా 1950ల రికార్డింగులు పెట్టుకోండి. వేగం తక్కువ, దెబ్బ స్పష్టం. అయినా డప్పు, తబలా దరువుకు అలవాటైన చెవికి మొదట్లో బీట్ దొరక్కపోవచ్చు. ఈ ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ ఉండవు, తాళం మోసేది పియానో, డబుల్ బాస్ అనే నిలువెత్తు తీగల వాయిద్యం. వయొలిన్ల వెంట పోకుండా కింద మోగే బాస్ వినండి. మొదటి పాటకు బీటుకో అడుగు. రెండో పాటలో మనసైన చోట ఆగి, నాలుగు బీట్లు వదిలేసి మళ్లీ కదలండి. ఆగినప్పుడూ బరువు ఒక్క కాలి మీదే ఉండాలి.

గదిలో గోడ మీ కుడిచేతి వైపు ఉండేలా తిరగండి. మిలోంగాలో అందరూ తిరిగేది అలాగే, గడియారానికి ఎదురు దిశలో. ఇప్పుడే అలవాటైతే రేపు ఎవరికీ అడ్డం పడరు.

ఎడమకాలు కుడికాలి ముందుకొచ్చి మెలికపడే క్రూసాదా వచ్చే పాఠంలో. ఈలోగా వెనక్కి నడకే ఎక్కువ ప్రాక్టీస్ చేయండి, నడిపించాలనుకునేవాళ్లు కూడా.